త్రిశంకుణ్ణి డల్లాస్ తీసుకెళ్తున్న రచయిత్రికి

ప్రశ్న: నమస్కారమండీ. ఖమ్మంలో ఒక ప్రైవేటు కాలేజీలో లెక్చరర్‌గా పనిచేస్తున్నాను. త్రిశంకు కథను ఈ కాలంలో పెట్టి ఒక వ్యంగ్య నవల రాస్తున్నాను. నా త్రిశంకు సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. విశ్వామిత్రుడు కన్సల్టెన్సీ నడుపుతుంటాడు. స్వర్గం అమెరికా. ఇంద్రుడు నల్ల కళ్లద్దాలు పెట్టుకుని ఎయిర్‌పోర్టులో కూర్చుంటాడు. రంభ రీల్స్ చేస్తుంది. సగానికి పైగా రాశాక ఇద్దరు స్నేహితులకు చదివి వినిపించాను. మొదటి పది పేజీలకు బాగా నవ్వారు. తర్వాత ఫోన్లు చూసుకోవడం మొదలుపెట్టారు. స్కిట్‌లా ఉంది అన్నారు. మా నాన్నగారు రోజూ రామాయణ పారాయణ చేస్తారు. సంగతి తెలిసి, దేవుళ్లతో వేళాకోళమా అని నాతో సరిగ్గా మాట్లాడటం మానేశారు. నిజానికి ఈ ఆలోచన వచ్చింది మా అన్నయ్య వల్ల. డల్లాస్ దగ్గర ఉంటాడు, గ్రీన్‌కార్డు క్యూలో ఏళ్లుగా ఉన్నాడు. నాయనమ్మ పోయినప్పుడు రాలేకపోయాడు. వ్యంగ్యంలో ఏడుపు ఎందుకని అవేవీ నవలలో పెట్టలేదు. నా నవల ఎక్కడ దెబ్బతింది? ఇలాంటివి రాస్తే కేసులు పెడతారా? నాన్నగారికి ఏం చెప్పను?
— పేరు వద్దు, ఖమ్మం

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరంలో అన్నిటికంటే బరువైన మాటను మీరు చివర్లో, అంత ముఖ్యం కానిదానిలా రాశారు. నాయనమ్మ పోయినప్పుడు అన్నయ్య రాలేకపోయాడు, అది నవలలో పెట్టలేదు అన్నారు. మీ నవల దెబ్బతిన్నది అక్కడే. వ్యంగ్యం రాసేవాళ్లకు లోపల ఒక మంట ఉండాలి. కళ్లముందు ఒక అన్యాయం జరుగుతోంది, దాన్ని అందరూ మామూలు విషయంలా చూస్తున్నారు అన్న మంట. మీకది ఉంది. ఉన్నదాన్ని వదిలేసి వేషాలతో నవ్వించడానికి కష్టపడుతున్నారు.

మీ స్నేహితులు పది పేజీల తర్వాత ఫోన్లు ఎందుకు తీశారో ఆలోచించండి. ఇంద్రుడికి నల్ల కళ్లద్దాలు పెడితే చూసిన వెంటనే నవ్వొస్తుంది, ఎందుకంటే ఆ రెండూ ఒకచోట ఉంటాయని మనం ఎప్పుడూ అనుకోలేదు. పదో పేజీలోనూ అవే కళ్లద్దాలు. వాటివల్ల కథలో ఏదీ మారదు, ఎవరికీ నష్టం లేదు, ఎవరికీ భయం లేదు. రంభ రీల్స్ చేసినా అంతే. పైగా మనవాళ్లకు ఈ రకం హాస్యం బాగా అలవాటు. యముడు, చిత్రగుప్తుడు భూమ్మీదికి దిగి తికమకపడడం మన సినిమాల్లో ఎన్నోసార్లు చూశాం. అయినా 1977లో వచ్చిన ‘యమగోల’ను జనం ఇప్పటికీ తలుచుకుంటారంటే, కథానాయకుడు యమలోకానికి వెళ్లి యమభటుల చేత సమ్మె చేయించడం అందుకు ఒక పెద్ద కారణమని నా నమ్మకం. శిక్షలు అమలుచేసే చోట పనిచేసేవాళ్లకు హక్కులుండవా అని అక్కడ ఒకడు అడిగాడు. ఆ ప్రశ్నతో యమలోకం నడిచే పద్ధతే కదిలింది. వేషం మారిస్తే వచ్చే నవ్వు ఆ క్షణానికే. పద్ధతిని కదిలిస్తే వచ్చే నవ్వు ఏళ్ల తరబడి నిలుస్తుంది.

విశ్వనాథ సత్యనారాయణ ‘హాహా హూహూ’ మీరు చదివే ఉంటారు. చదవకపోతే వెంటనే చదవండి, చిన్న పుస్తకం. గుర్రపు తల ఉన్న గంధర్వుడు లండన్‌లో ట్రఫాల్గర్ స్క్వేర్‌లో పడతాడు. ఆయన నవ్వించడానికి ఏమీ చేయడు. తన లోకంలో ఎలా ఉంటాడో అక్కడా అలాగే ఉంటాడు. ఆయన ఎవరో, ఏ కోవలో చేర్చాలో తేల్చుకోలేక అవస్థపడేది ఆ ఊరి పెద్దలు, పండితులు. ఆధునిక కాలం మీద విశ్వనాథ అభిప్రాయాలు చాలావాటితో నాకు పేచీ ఉంది. కానీ గంభీరంగా ఉండాల్సింది ఎవరు, నవ్వులపాలు కావాల్సింది ఎవరు అన్న విషయంలో ఆయన లెక్క తప్పలేదు. మీ నవలలో పురాణం నుంచి వచ్చినవాళ్లు గంభీరంగా ఉండాలి. త్రిశంకు తన కోరికను పూర్తిగా నమ్మాలి. విశ్వామిత్రుడు తన శక్తిని పూర్తిగా నమ్మాలి. ఇంద్రుడు తన నియమాన్ని పూర్తిగా నమ్మాలి. ముగ్గురిలో ఎవరూ పాఠకుడి వైపు తిరిగి కన్నుగీటకూడదు.

శ్రీనాథుడిదిగా చెప్పుకునే చాటువు ఒకటి మనందరికీ నోటికి వచ్చు. పల్నాడులో తాగడానికి నీళ్లు దొరక్క ఆయన శివుణ్ణి అడుగుతాడు: సిరి ఉన్నవాడు పదహారువేల మందిని పెళ్లాడినా చెల్లుతుంది, బిచ్చమెత్తుకునే నీకు ఇద్దరు పెళ్లాలెందుకు స్వామీ, పార్వతి చాలు, గంగను వదిలేయ్ అని. ఆ నాలుగు పాదాల్లో పురాణాన్ని ఎక్కడా మార్చలేదు. కృష్ణుడి భార్యలు, శివుడి బిచ్చం, తలమీద గంగ, అన్నీ ఉన్నవే. కవి తన వైపు నుంచి తెచ్చింది దాహం ఒక్కటే. నవ్వు శివుడి మీద మొదలై నీళ్లులేని పల్నాడు మీద వచ్చి ఆగుతుంది. అందులో శివుడికి ఏ అవమానమూ జరగలేదు. నీళ్లు లేని ఊరి సంగతి మాత్రం దాదాపు ఆరు వందల ఏళ్ల తర్వాత కూడా మనకు తెలుస్తోంది. మీ నవలకు ఆ దాహం మీ అన్నయ్య ఇంట్లో ఉంది.

ఇక త్రిశంకు. మీ ఉత్తరాన్ని బట్టి కథను మీరు చిన్నప్పటి జ్ఞాపకం నుంచి తీసుకున్నారనిపిస్తోంది. రాజు స్వర్గానికి వెళ్లబోయాడు, ఇంద్రుడు తోశాడు, మధ్యలో వేలాడాడు, అంతే. వాల్మీకి రామాయణం తీయండి. బాలకాండలో 57 నుంచి 60వ సర్గ వరకు, నాలుగే సర్గలు. మీరు కష్టపడి కల్పించాలనుకుంటున్నవాటిలో సగం అక్కడ ముందే ఉన్నాయి.

మొదట ఈ కథ ఎవరు చెబుతున్నారో చూడండి. మిథిలలో, జనకుడి పురోహితుడు శతానందుడు రాముడికి చెబుతున్నాడు. పక్కనే విశ్వామిత్రుడు కూర్చుని ఉన్నాడు. ఒక మనిషి పాత కోపాలు, పంతాలు, ఓటములు అన్నీ ఆయన ముందే, ఆయన తీసుకొచ్చిన కుర్రాడికి చెబుతున్నారు. ఆయన మధ్యలో అడ్డుపడడు. నవలకు ఇంతకంటే మంచి ఏర్పాటు నేను ఊహించలేను. మీ కన్సల్టెన్సీ యజమాని కథను ఆయన దగ్గర ఒకప్పుడు పనిచేసినవాడెవడో, ఆయన ముందే, ఏ గృహప్రవేశం భోజనాల దగ్గరో చెబితే ఎలా ఉంటుందో ఆలోచించండి. చెప్పేవాడు ప్రతి మాటా తూచి మాట్లాడాలి. వ్యంగ్యమంతా ఆ తూకంలోనే వస్తుంది, మీరు వేరే జోకులు వెతకనక్కర్లేదు.

త్రిశంకు అడిగింది మామూలు స్వర్గం అయితే ఏ చిక్కూ లేదు. యాగాలు చేసిన ఇక్ష్వాకు రాజు, పోయాక ఎలాగూ వెళ్తాడు. ఆయన బొందితో స్వర్గానికి వెళ్లాలన్నాడు. అంటే ఇక్కడిది ఏదీ వదులుకోకుండా అక్కడిది కావాలి. అమ్మా, ఇది మన అందరి కోరిక. అక్కడి జీతం, అక్కడి రోడ్లు, అక్కడి చదువులు కావాలి. మన ఆవకాయ, మన భాష, మన పెళ్లి సంబంధాల పద్ధతి, చివరికి మన కులం కూడా చెక్కు చెదరకుండా మనతో రావాలి. ఆవకాయ తీసుకెళ్తే నష్టం లేదు. కులాన్ని కూడా మడతపెట్టి సూట్‌కేసులో పెట్టుకెళ్లేవాళ్ల గురించి మీరు రాయాలి, ధైర్యంగా రాయాలి. ఇది మన ఇళ్ల మీదే పడే వ్యంగ్యం కాబట్టి రాయడం కష్టం. మీ అధ్యాయాల్లో ఇప్పటివరకు తిట్టు తింటున్నది అమెరికా ఆఫీసు, కన్సల్టెన్సీ మాత్రమే. త్రిశంకు తప్పు ఏమీ లేనట్టు రాస్తే అది ఫిర్యాదు అవుతుంది, నవల కాదు.

తర్వాత ఏం జరిగిందో చూడండి. వసిష్ఠుడు కుదరదన్నాడు. త్రిశంకు నేరుగా వసిష్ఠుడి వందమంది కొడుకుల దగ్గరికి వెళ్లి అదే అడిగాడు. తండ్రి కాదన్నదాన్ని మేమెలా చేస్తాం అని వాళ్లు కోప్పడ్డారు. అయితే ఇంకొకరి దగ్గరికి పోతానన్నాడు. అప్పుడు శపించారు. తెల్లారేసరికి ఆయన రూపం మారిపోయింది. నిన్నటిదాకా దండం పెట్టిన మంత్రులు, పౌరులు ఆయన్ని చూసి వదిలేసి వెళ్లిపోయారు. ఈ ఒక్క ఉదయం మీకు పూర్తి అధ్యాయం అవుతుంది. ఉద్యోగం పోయిన మర్నాడు ఫోన్ ఎత్తడం మానేసే స్నేహితులు మీ అన్నయ్యకు తెలిసే ఉంటారు.

విశ్వామిత్రుడు యాగానికి అందర్నీ పిలిచాడు. వచ్చిన ఋషులు లోలోపల ఏమనుకున్నారో వాల్మీకి దాచలేదు. ఈయనకు కోపమెక్కువ, కాదంటే శపిస్తాడు, చెప్పినట్టు చేసేద్దాం అనుకున్నారు. యాగం సక్రమంగా, శాస్త్రోక్తంగా జరిగింది. ఒక్కరికీ నమ్మకం లేదు. ఈ కాలపు ఆఫీసు మీటింగులు చూసినవాళ్లకు ఈ దృశ్యంలో ఒక్క అక్షరం మార్చాల్సిన పని కనపడదు. దేవతలు హవిస్సులు తీసుకోవడానికి రాలేదు. అప్పుడు విశ్వామిత్రుడు తన తపస్సు ఖర్చుపెట్టి పంపాడు. ఇక్కడ మీ పాత్ర చిత్రణ మార్చాలి. మీ కన్సల్టెన్సీ యజమాని వట్టి మోసగాడు. వాల్మీకి విశ్వామిత్రుడు సొంత సంపాదన పెట్టి పంపినవాడు. అయితే ఆయన పంతం వసిష్ఠుడి మీద. త్రిశంకు మీద ప్రేమ ఎంత, వసిష్ఠుణ్ణి గెలవాలన్న కోరిక ఎంత అన్నది ఆయనకే తెలియదు. ఇలాంటి మనిషిని ద్వేషించలేం, నమ్మలేం. ప్రాజెక్టు దొరక్క బెంచ్ మీద ఉన్న పిల్లలకు తన గెస్ట్ హౌస్‌లో అన్నం పెట్టి, వాళ్ల వీసా కేసులు పట్టుదలగా ఫైల్ చేసి, పోటీ కంపెనీని దెబ్బకొట్టడానికి అదే పిల్లల్ని వాడుకునే మనిషి మీ నవలకు కావాలి.

ఆ మనిషికి లోతు ఇంకా కావాలంటే హరివంశంలో ఉన్న రూపం కూడా చదవండి. అక్కడ త్రిశంకు అసలు పేరు సత్యవ్రతుడు. పన్నెండేళ్ల కరువులో విశ్వామిత్రుడు తపస్సుకు పోతే ఆయన భార్య ఆకలికి తాళలేక కొడుకు మెడకు తాడు కట్టి అమ్మడానికి బయలుదేరింది. సత్యవ్రతుడు అడ్డుపడి ఆ కుటుంబాన్ని పోషించాడు. ఆ పోషణలోనే గురువుగారి ఆవును చంపిన పాపం కూడా మూటగట్టుకున్నాడు. అంటే విశ్వామిత్రుడి సహాయం వెనక తీర్చుకోవలసిన రుణం ఉంది. త్రిశంకు పాపాల వెనక ఎవరో ఆకలిగా ఉన్న పిల్లవాడున్నాడు. వాల్మీకి కథను, ఈ కథను కలిపి వాడుకోండి. పురాణాలే ఇలా తమలో తాము మార్చుకుంటూ వచ్చాయి కాబట్టి ఆ స్వేచ్ఛ మీకూ ఉంది.

ఇప్పుడు అసలు చోటు. ఇంద్రుడు తోశాడు. కారణం కూడా చెప్పాడు: నువ్వు గురుశాపం తగిలినవాడివి, ఇక్కడ చోటు లేదు. త్రిశంకు కాపాడమని అరుస్తూ తలకిందులుగా పడుతున్నాడు. విశ్వామిత్రుడు ఆపాడు. కోపంతో దక్షిణాన కొత్త సప్తర్షుల్ని, కొత్త నక్షత్రాల్ని సృష్టించాడు. ఇంకో ఇంద్రుణ్ణి చేస్తాను, లేదా ఇంద్రుడే లేని లోకం చేస్తాను అన్నాడు. దేవతలు భయపడి రాజీకి వచ్చారు. కొత్త నక్షత్రాలు ఉంటాయి, వైశ్వానర మార్గానికి, అంటే మామూలు నక్షత్రాలు తిరిగే దారికి, బయట ఉంటాయి. త్రిశంకు వాటి మధ్య ఉంటాడు, దేవతలా వెలుగుతుంటాడు, తలకిందులుగానే ఉంటాడు. విశ్వామిత్రుడు సరే అన్నాడు. అందరూ వెళ్లిపోయారు.

ఆ నాలుగు సర్గల్లో ఎన్నిసార్లు చదివినా నాకు కనపడే విషయం ఒకటే. ఆ రాజీకి త్రిశంకు ఒప్పుకున్నాడా అని ఒక్కరూ అడగలేదు. దేవతల నియమం నిలిచింది, విశ్వామిత్రుడి మాట నిలిచింది, రెండు పక్షాల గౌరవం నిలిచింది. తలకిందులుగా ఉన్నవాడి అభిప్రాయం ఎవరికీ అక్కర్లేకపోయింది. మీ నవలకు ఆయువుపట్టు ఇది. మీ అన్నయ్య ఉన్న క్యూ కూడా ఇలాంటి రాజీయే. కంపెనీకి పనివాడు దొరికాడు, ఆ దేశానికి పన్ను వస్తోంది, ఇంటికి డబ్బు వస్తోంది, ఊళ్లో పేరు వచ్చింది. అందరికీ కుదిరింది. ఆయన్ని అడిగిందెవరు?

హరిశంకర్ పర్సాయి హిందీలో రాసిన ‘భోలారామ్ కా జీవ్’ అనే చిన్న కథ ఉంది. జబల్‌పూర్‌లో చనిపోయిన ఒక రిటైర్డ్ ఉద్యోగి ప్రాణం యమలోకానికి చేరదు. వెతకడానికి నారదుడు వస్తాడు. అయిదేళ్లుగా పెన్షన్ రాని మనిషి ప్రాణం ఆఫీసు ఫైల్లో ఇరుక్కుని ఉంటుంది. ఫైలు కదలాలంటే దానిమీద బరువు పెట్టాలి, నారదుడు తన వీణ పెడతాడు. చివర్లో ఆ ప్రాణాన్ని స్వర్గానికి రమ్మంటే రానంటుంది, నా మనసు ఈ దరఖాస్తుల్లోనే ఉంది అంటుంది. ఆ కథ నవ్వుతూ చదువుతాం, చివరికి వచ్చేసరికి గొంతు పట్టుకుంటుంది. వ్యంగ్యంలో ఏడుపు ఎందుకు అన్నారు మీరు. పర్సాయి చూపించింది ఇదే: భోలారామ్ బాధ లేకపోతే నారదుడి వీణకు అర్థం లేదు. ఇంకో సంగతి గమనించండి. ఆ కథలో యమలోకం నియమాలు తప్పవు, ఆఫీసు నియమాలూ తప్పవు. రెండూ తమ తమ పద్ధతిలో సక్రమంగా పనిచేస్తుంటాయి, మనిషి మధ్యలో నలుగుతాడు.

అందుకే మీ ఇంద్రుడి ఆఫీసు నియమాలు కచ్చితంగా ఉండాలి. మీరు ఎయిర్‌పోర్టులో కూర్చోబెట్టారు, అసలు యుద్ధం అక్కడ జరగదు. అక్కడ ఉద్యోగం చేయడానికి ఇచ్చే హెచ్-1బి వీసాల కోటా ఏడాదికి 65,000, అక్కడ మాస్టర్స్ చేసినవాళ్లకు అదనంగా 20,000, లాటరీ. అది దాటాక గ్రీన్‌కార్డు. ఉద్యోగాల మీద ఇచ్చేవి ఏడాదికి సుమారు 1,40,000, కుటుంబ సభ్యులతో కలిపి. ఏ ఒక్క దేశంలో పుట్టినవాళ్లకూ మామూలుగా ఏడు శాతానికి మించి దక్కకూడదు. చిన్న దేశానికీ అదే ఏడు, మన దేశానికీ అదే ఏడు. క్యూ ఇంత పొడుగు కావడానికి ఇదే మూలం. ప్రతినెలా వీసా బులెటిన్ వస్తుంది. ఏ తేదీ (ప్రయారిటీ డేట్) దాకా క్యూలో చేరినవాళ్ల వంతు వచ్చిందో అది చెబుతుంది. ఆ తేదీ ఒక నెల ముందుకు జరుగుతుంది, ఇంకో నెల వెనక్కి పోతుంది. దాన్ని రెట్రోగ్రెషన్ అంటారు. పైకి వెళ్తున్నవాణ్ణి కిందికి తోయడం మీరు కల్పించనక్కర్లేదు, అది ఆ బులెటిన్‌లోనే జరుగుతుంటుంది. తల్లిదండ్రులు క్యూలో ఉండగానే అక్కడ పెరిగిన పిల్లలకు ఇరవై ఒకటి నిండితే వాళ్ల వీసా హోదా తల్లిదండ్రుల నుంచి వేరైపోతుంది. ఈ అంకెల్లో ఒక్కటి తప్పు రాసినా అక్కడున్న పాఠకులు పుస్తకం మూసేస్తారు. అన్నయ్యతో సరిచూపించుకోండి. ఇంద్రుణ్ణి మాత్రం ఫలానా అధ్యక్షుడిలా చేయకండి. ఆ మనిషి మారగానే మీ నవల పాతబడుతుంది. ఆయన ఉత్తరాల్లో మాత్రమే కనపడే మర్యాదస్థుడిగా ఉండటం మేలు.

ఆ ఉత్తరాల భాష గురించి ఒక సూచన. పౌరాణిక నాటకాల గ్రాంథికం మీరు అందరి నోటా పెట్టారేమో అని అనుమానం. త్రిశంకు ఖమ్మం మాట మాట్లాడాలి. విశ్వామిత్రుడు తెలుగూ ఇంగ్లీషూ కలిపి, ఆజ్ఞలా మాట్లాడాలి. గ్రాంథికం ఒక్క ఇంద్రుడి ఆఫీసు ఉత్తరాలకే వాడండి. అధికారం ఎక్కడినుంచి మాట్లాడుతోందో పాఠకుడికి చెప్పకుండానే తెలుస్తుంది.

పాత్రలకు పాత్రలు సరిపెట్టే పనిలో పడి అలసిపోకండి. వసిష్ఠుడు ఎవరు, ఆ వందమంది కొడుకులు ఎవరు అని లెక్క కట్టుకుంటూ పోతే పాఠకుడు గళ్లనుడికట్టు పూరించినట్టు చదువుతాడు. శశి థరూర్ 1989లో మహాభారతాన్ని ఇరవయ్యో శతాబ్దపు భారత రాజకీయాల మీద పరిచి ‘ది గ్రేట్ ఇండియన్ నావెల్’ రాశారు. పద్దెనిమిది పర్వాలకు పద్దెనిమిది భాగాలు, భీష్ముడిలో గాంధీ, ధృతరాష్ట్రుడిలో నెహ్రూ. ఆ పోలికలు గుర్తుపట్టడం సరదాగానే ఉంటుంది. కానీ నాకు అన్నిటికంటే నచ్చింది ఆయన పురాణాన్ని వంచిన చోటు. గాంధారికి వందమంది కొడుకులు పుట్టరు, ఒక్క కూతురు పుడుతుంది, ఆ ఒక్కతే వందమంది పెట్టు. ఒక్క మార్పు, దాని బరువు నవల చివరిదాకా ఉంటుంది. మీరు కూడా ఒక్క మార్పు చేయండి, పెద్దది చేయండి. మిగతాదంతా పురాణం ఎలా ఉందో అలాగే నడవనివ్వండి.

ఇంకొకటి, ఇష్టముంటే వాడుకోండి. ఆకాశంలో సదరన్ క్రాస్ అనే నక్షత్ర మండలాన్ని మనవాళ్లు త్రిశంకు అంటారు. మే నెలలో రాత్రి తొమ్మిది, పది గంటలప్పుడు తెలుగు ప్రాంతాల నుంచి దక్షిణ దిక్కున, దిగంతానికి కాస్త పైన కనపడుతుంది. డల్లాస్ మరీ ఉత్తరాన ఉంది, అక్కడి నుంచి కనపడదు. మీ కథానాయకుడికి తన నక్షత్రం సొంత ఊరి మేడమీద నుంచే కనపడుతుంది.

నాన్నగారి విషయం. ఆయన కోపాన్ని తేలిగ్గా తీసుకోకండి. రోజూ పారాయణ చేసే మనిషికి ఆ పాత్రలు ఇంట్లో మనుషులు. ఇంద్రుడికి కళ్లద్దాలు పెట్టి రంభ చేత రీల్స్ చేయించారని విన్నప్పుడు ఆయనకు కలిగింది సహజమైన బాధ, ఆ అధ్యాయాల మీద నాకున్న అసంతృప్తికీ దానికీ పెద్ద తేడా లేదు. దేవుణ్ణి నిలదీయడం మన భక్తిలో మొదటినుంచీ ఉంది. భద్రాచలం రామదాసు గోల్కొండ చెరసాల నుంచి రాముణ్ణి నగల లెక్క అడిగాడు. కాసుల పురుషోత్తమ కవి శ్రీకాకుళ ఆంధ్రమహావిష్ణువు మీద శతకమంతా నిందాస్తుతిగానే, పైకి తిడుతూ లోపల పొగుడుతూ, చెప్పాడు. గోగులపాటి కూర్మనాథ కవి సింహాద్రి నరసింహుణ్ణి, శత్రుసేన మీదికొస్తుంటే చూస్తూ కూర్చున్నావేమని ఎత్తిపొడిచాడు. వాళ్లెవరూ దేవుడికి దూరమైనవాళ్లు కాదు. ఇవన్నీ మీకంటే నాన్నగారికే ఎక్కువ తెలిసి ఉంటాయి. కాబట్టి ఆయనకు వాదన వినిపించకండి. బాలకాండ తీసుకెళ్లి, ఆ నాలుగు సర్గలు నాకు చదివి చెప్పండి నాన్నా అని అడగండి. రాజీ దగ్గర త్రిశంకుణ్ణి ఎందుకు అడగలేదని ఆయన్నే అడగండి. కొడుకు అమెరికాలో ఉన్న తండ్రి ఆయన. ఆ ప్రశ్న ఎటునుంచి వస్తోందో ఆయనకు తెలుస్తుంది. ఆ తర్వాత కూడా నవల వద్దంటే, ఆయన మాటకు గౌరవమిచ్చి మీ పని మీరు చేసుకోండి. చదవమని బలవంతపెట్టకండి.

కేసుల గురించి. మత భావాలను గాయపరచడం మీద ఉన్న సెక్షన్ 1927లో శిక్షాస్మృతిలో 295ఎగా వచ్చింది, 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 299గా ఉంది. మూడేళ్ల వరకు జైలు శిక్ష ఉంటుంది. కానీ కావాలని, దురుద్దేశంతో మతాన్ని గాని మత విశ్వాసాలను గాని అవమానిస్తేనే అది వర్తిస్తుంది. సుప్రీంకోర్టు 1957లోనే రామ్‌జీలాల్ మోదీ కేసులో ఈ సంగతి స్పష్టం చేసింది. నేను పైన చెప్పిన నవలకు ఆ ఉద్దేశం అంటగట్టడం కష్టం. అయినా ఎవరైనా ఫిర్యాదు ఇస్తే తిరిగే తిప్పలు వేరే ఉంటాయి, కాబట్టి అచ్చుకు ముందు తెలిసిన లాయరుకు ఒకసారి చూపించండి. నిజమైన కన్సల్టెన్సీల పేర్లు, గుర్తుపట్టేలా ఉండే యజమానుల వివరాలు అసలు వాడకండి. మీకు దేవతలకంటే వాళ్ల నుంచే ఎక్కువ ఇబ్బంది రావచ్చు.

రాసినదంతా చింపేయమని అనను. ఎయిర్‌పోర్టు అధ్యాయాన్ని, రంభ అధ్యాయాన్ని పక్కన పెట్టండి. నవలను రాజీ కుదిరిన రోజుతో మొదలుపెట్టి చూడండి, ముందు జరిగింది భోజనాల దగ్గర చెప్పేవాడి నోట రానివ్వండి. నాయనమ్మ పోయిన రాత్రి అధ్యాయం మాత్రం అన్నయ్యతో మాట్లాడకుండా రాయకండి. ఫోన్ వచ్చినప్పుడు ఆయన ఎక్కడున్నాడు, ముందుగా ఎవరికి చెప్పాడు, వస్తే పాస్‌పోర్టులో కొత్త వీసా స్టాంపింగ్ కుదిరి తిరిగి వెళ్లగలనా అన్న లెక్క ఎంతసేపు వేసుకున్నాడు, మర్నాడు పొద్దున మీటింగులో కూర్చున్నాడా, కర్మకాండ వీడియోకాల్‌లో చూశాడా, మధ్యలో ఎవరైనా పింగ్ చేశారా, ఇవన్నీ అడగండి. చెప్పినవి చెప్పినట్టు రాసుకోండి, అప్పుడే నవ్వించే ప్రయత్నం చేయకండి. ఆయన తన కథ వాడొద్దంటే వదిలేయండి, ఖమ్మంలో అలాంటి ఇళ్లు ఇంకా ఉన్నాయి, వాళ్లూ మాట్లాడతారు. ఒప్పుకుంటే మాత్రం ఆ అధ్యాయం రాయగానే మొదట ఆయనకు పంపండి. ఆయన చదివాక నాకు పంపండి, తప్పకుండా చదువుతాను.